కొట్టేసిన రెండు వాక్యాలు

"మా ఆవిడకి గొంతులో ఏదో అడ్డం పడిందట. డాక్టర్లందరూ చూశారు, ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోవడమే ఆవిడ జబ్బు."

మూర్తి మాష్టారు పప్పు కలుపుకుంటూ ఈ మాట అంటే, భోజనానికి వచ్చిన ఇద్దరు టీచర్లూ మర్యాదకి సరిపడా నవ్వారు. వాళ్ల వెనక నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడ్డ పద్మకుమారి ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, ముగ్గురికీ తలో చెంచా వడ్డించింది. ఆ మాట ఆయన అనడం ఇది ఐదోసారి. ఒకసారి నవ్వు పుట్టించిన మాటని మాష్టారు అంత తేలిగ్గా వదలడు. పాత పాఠం నోట్సులాగే దాన్నీ ఏటేటా వాడుకుంటాడు.

కొత్తవలసలోని ఆ ఇంట్లో మగవాళ్లు తింటుంటే ఆడది కూర్చోదు. ఇది ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు. పెళ్లయి వచ్చిన మూడో రోజున ఆకలేసి ఓ మూల పీట వాల్చుకున్న పద్మకుమారిని చూసి అత్త లక్ష్మణమ్మ, "మీ ఆయన లెగకుండా నువ్వు కూకుండిపోతే ఆడికి ముద్ద దిగుతాదేటే?" అంది. అప్పుడు లేచిన మనిషి ఇరవై నాలుగేళ్లయినా మళ్లీ ఆ పీట వాల్చలేదు. అత్తగారు పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ముద్ద దిగనిది కోడలికి.

అది కిందటి దసరా సెలవుల్లో మొదలైంది. మాష్టారు ఆ పది రోజులూ ఇంట్లోనే ఉన్నాడు. మూడో రోజుకి ఆమె గొంతులో చింతగింజంత ఉండ ఒకటి లేచింది. అన్నం ముద్ద దాని దగ్గరికి వెళ్లి ఆగిపోయేది. నీళ్లు తాగితే నీళ్లు పక్కనుంచి పోయేవి గానీ ముద్ద కదిలేది కాదు. సెలవులయ్యాక ఆయన బడికి వెళ్లిన పది నిమిషాలకి ఆమె రాగిపిండితో కాచిన చోడి అంబలి గ్లాసు పట్టుకుని వెనక గుమ్మంలో కూర్చుంటే అది సాఫీగా దిగిపోయింది. సాయంత్రం స్కూటర్ చప్పుడు సందు మలుపులో వినిపించేసరికి చింతగింజ మళ్లీ తన చోటికి తాను వచ్చేసింది. గొంతుక్కూడా బడిగంట తెలుసన్నమాట అని ఆమె తనలో తాను నవ్వుకుంది.

అసలు మాష్టారి ఉద్యోగం రెండు ముక్కలు. బడిలో మాట్లాడే ముక్క ఆయనది, మిగతాది పద్మకుమారిది. ప్రశ్నపత్రం ఆమె తయారుచేస్తుంది. జవాబు పేపర్లు ఆమె దిద్దుతుంది. మార్కుల రిజిస్టర్ ఆమె రాస్తుంది. ఈ మధ్య మధ్యాహ్న భోజనం ఫోటోలూ, మరుగుదొడ్ల ఫోటోలూ ఫోన్లో ఎక్కించే పని వచ్చిపడితే, "నా కళ్లకి ఆ అక్షరాలు ఆనడం లేదే" అని అదీ ఆమె ముందు పెట్టాడు. పెళ్లయిన కొత్తలో "నీ రాత ముత్యాల్లాగుంటాది, ఓ పదిహేను పేపర్లు సూడు" అని ముద్దుగా మొదలైన వ్యవహారం, ఆయన కోటబొమ్మాళి నుంచి సముద్రం ఒడ్డు ఊళ్ల దాకా ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి సామానుతో పాటు వచ్చింది. ఆమె బీఏ తెలుగు ఫస్ట్ క్లాసు. బీఎడ్ సీటు వచ్చిన రోజున "ఇంటికో మాస్టారు సాల్డా?" అన్నాడు. పోయిన మార్చిలో మహిళా దినోత్సవం సభలో ఆయన స్త్రీ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే చప్పట్లతో హాలు మోగిపోయిందట. ఆ ఉపన్యాసం ఆమె రాసిందే, ఉల్లిపాయలు తరుగుతూ మధ్య మధ్యలో లేచి.

ఆవిడకి మొగుడి మీద కోపం ఉందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కోపం రావాలంటే ఎదుటి మనిషి మీద కాస్తయినా గౌరవం మిగలాలి. ఆవిడకి ఉన్నది చీదర. ఆయన దగ్గే తీరు, వేదిక మీద ఒక తెలుగూ వంటింటి గుమ్మంలో ఒక తెలుగూ మాట్లాడే తీరు, "నేను ఏనాడూ చెయ్యెత్తలేదు" అని బంగారు పతకంలా చెప్పుకునే తీరు, అన్నీ చీదరే. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే మరి.

విజయనగరంలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు ముక్కులోంచి కెమెరా పంపి చూసి "అద్దంలా ఉందమ్మా" అన్నాడు. మందులు పనిచెయ్యకపోతే, యూనివర్సిటీలో సైకాలజీ వాళ్ల క్లినిక్ ఒకటుందనీ, అక్కడ చదువుకుంటున్న పిల్లలు తమ ప్రొఫెసర్ల కనుసన్నల్లో మనుషుల మాట వింటారనీ, యాభై రూపాయలకి గంటసేపు కూర్చోనిస్తారనీ చెప్పాడు. మాష్టారు ఇంటికొచ్చి, "క్షవరం నేర్సుకునేవాడికి తల అప్పజెప్పినట్టే. మనసు గురించి నాకు తెలీందేటి ఆ పిల్లలకి తెలుస్తాది?" అన్నాడు. అయినా బయట డాక్టర్ల దగ్గర దానికి వెయ్యి పైనే పడుతుందని విన్నాక ఒప్పుకున్నాడు. ఫారం ఆయనే నింపాడు. విచారం, భయం, నిద్ర పట్టకపోవడం అని గళ్లున్నాయి. ఆమెని అడక్కుండా విచారానికి ఎదురుగా టిక్కు కొట్టాడు. ఫోన్ నంబరు దగ్గర తన నంబరు వేశాడు.

క్లినిక్ గది చిన్నది. రెండే కుర్చీలు. ఒక గోడకి పెద్ద అద్దం. కుర్చీలో ఇరవై మూడేళ్ల పిల్ల, మెళ్లో గుర్తింపు కార్డు, ఒళ్లో నోట్‌బుక్కు, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు బిర్రబిగుసుకుని ఉంది.

"పద్మకుమారి గారూ, నా పేరు తులసి. నేనింకా ట్రైనీని. అద్దం అవతల మా శైలజ మేడం కూర్చుని వింటారు. మీరు ఒప్పుకుంటే మన మాటలు రికార్డు చేస్తాం. నేను ఎక్కడ తప్పు చేశానో ఆవిడ తర్వాత చెప్తారు."

"అంటే నీ పేపరు ఆవిడ దిద్దుతాదన్నమాట."

"అంతేనండీ" అని ఆ పిల్ల నవ్వింది. పద్మకుమారి నవ్వలేదు. ఈ బొడ్డూడని పిల్ల నా గొంతులో ఉండ తీస్తుందట అనుకుంది. కానీ తన పేరు పూర్తిగా పలికి, చివర గారూ తగిలించిన మనిషిని చూసి ఎన్నేళ్లయిందో లెక్క తేలలేదు. సంతకం పెట్టింది.

"మీ వారి పేరేమిటండీ?"

"మావోళ్లలో మొగుడి పేరు సెప్పం. బీఏ సదివి ఇదేటని నవ్వకు. గవర్నమెంటు ఉద్యోగం, అంతే రాసుకో."

నిజంగానే ఆమె ఆ పేరు పలికింది ఒక్కసారే. పెళ్లయి వచ్చిన రోజున గుమ్మంలో ఆడపడుచు చేతులు అడ్డం పెట్టి, పేరు చెప్తేనే లోపలికి రానిస్తానంటే సిగ్గుపడుతూ చెప్పింది. అందరూ కేరింతలు కొట్టారు. ఆ తర్వాత అంతా "ఆయన" తోనే గడిచిపోయింది.

మొదటి రెండు గురువారాలూ పద్మకుమారి ఆగకుండా మాట్లాడింది. అన్ని మాటలు తనలో ఉన్నాయని ఆమెకే తెలీదు. మూడో గురువారం తులసి రికార్డర్ బల్ల మీద పెట్టి, "మేడం చెప్పారండీ, ఒక పది నిమిషాలు మీ మాటలు మీరే వినండి" అంది. పద్మకుమారి తన గొంతు తాను వినడం అదే మొదలు. ఆయనంటారు. మా అత్త అనేది. ఆయనేటన్నారంటే. ఆయన దానికేటంటారో తెలుసా. పది నిమిషాలూ అంతే. అత్త గొంతు అనుకరించింది, మొగుడి దగ్గు అనుకరించింది.

"ఇందులో మీ మాట ఎక్కడుందండీ?" అని తులసి మెల్లగా అడిగింది.

"యాభై రూపాయలకి వెక్కిరింపు కూడా ఇస్తారేటి?" అని పద్మకుమారి సంచి తీసుకుని లేచిపోయింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, పెళ్లి కాలేదు, సంసారం తెలీదు, నాకు చెప్పొచ్చింది అని బస్సెక్కి తిట్టుకుంది. తిట్టుకుంటూనే తన మాట ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంది. మొదటి వారం నుంచి వెతికింది. కొత్తవలస వచ్చేసింది గానీ ఒక్కటీ దొరకలేదు. చీ, నాదీ ఒక బతుకే అనిపించింది. ఇన్నాళ్లూ మాష్టారి కోసం దాచుకున్న చీదర మొదటిసారి తన మీదికి తిరిగింది. అయితే ఆ రోజు సాయంత్రం ఆయన ఇంట్లో ఉండగానే రెండు ముద్దలు దిగాయి. అందుకే నాలుగో గురువారానికి వెళ్లాలనే నిర్ణయించుకుంది.

బుధవారం మాష్టారు పేపర్ల కట్టలకేసి చూశాడు. "అర్ధ సంవత్సరం పేపర్లు నూట నలభై అలగే ఉన్నాయి. గురువారం గురువారం నువ్వు ఊరు తిరిగితే ఎలగ? పైగా మాస్టారి పెళ్లాం మెంటల్ క్లినిక్కి ఎల్తన్నాదని ఊళ్లో అనుకుంటన్నారు. రేపు నేనూ వస్తాను. ఆ డాక్టరమ్మతో మాటాడి, ఇక సాలని సెప్పీసి వద్దాం."

ఆ గదిలోని కుర్చీ ఒక్కటే పద్మకుమారి తనదనుకున్నది, రేపటితో అదీ పోతుంది. చింతగింజ గొంతులో నిమ్మకాయంత అయింది. పొద్దున్నే వంట చేసి, అలవాటుగా నలభై పేపర్లూ ఎర్ర పెన్నూ సంచిలో పెట్టుకుంది. బస్సులో మాష్టారు కిటికీ పక్కన కూర్చుని నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఆమె ఒళ్లో సంచి పరుచుకుని, గతుకు వచ్చినప్పుడు పెన్ను ఎత్తుతూ, పన్నెండు పేపర్లు దిద్దింది.

గది తలుపు తీసి మాష్టారు ముందు నడిచాడు. తులసి తలెత్తి చూసి, కుర్చీలోంచి స్ప్రింగులా లేచింది.

"మాష్టారూ!" ఒళ్లోని నోట్‌బుక్కు కిందపడింది. ఆ పిల్ల నేరుగా వచ్చి వంగి ఆయన కాళ్లకి దండం పెట్టేసింది. "నేనండీ, మైలపల్లి తులసిని. తొమ్మిది, పది మీ దగ్గరే సదివేనండి."

"ఓ, తులసీ! ఎంతదానివైపోయావమ్మా!" అన్నాడు మాష్టారు. ఆయనకి ఆ పిల్ల గుర్తు లేదని ఆ గొంతులోనే పద్మకుమారికి తెలిసిపోయింది. తర్వాత ఆయన వెళ్లి పద్మకుమారి కుర్చీలో కూర్చున్నాడు. మాష్టారు ఎదురుగా ఉండగా తులసికి కూర్చోవడం చేతకాలేదు. పద్మకుమారి గోడవారగా నిలబడిపోయింది. గదిలో రెండు కుర్చీలు, ఒకటి ఖాళీ, ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

మాష్టారు వేదిక మీది తెలుగు ఎత్తుకున్నాడు. "చూడమ్మా, ఈవిడకి నేను ఏ లోటూ చెయ్యలేదు. ఏనాడూ చెయ్యెత్తలేదు. సమస్య ఎక్కడంటే, ఈవిడకి ఇంట్లో ఖాళీ ఎక్కువ. పనిలేని మనసు తనని తాను కొరుక్కుంటుంది. కాబట్టి ఈ రోజుతో ఇది ముగిద్దాం. నువ్వు వృద్ధిలోకి రావాలి. అది వేరే విషయం."

తులసి "అవునండి, అవునండి" అని తల ఊపుతోంది. పద్మకుమారికి ఆ పిల్లని చూస్తే ఒళ్లు మండింది. గారూ అని పిలిచిన నోరు ఇదేనా? ఎన్ని పుస్తకాలు చదివితేనేం, బెత్తం కనబడగానే బెంచీ ఎక్కేసింది. భుజం మీది సంచిలో ఇంకా దిద్దాల్సిన ఇరవై ఎనిమిది పేపర్లు బరువుగా వేలాడుతున్నాయి. అద్దం వెనకనున్న ఆ మేడమైనా తలుపు కొట్టకూడదా?

"మాష్టారూ, ఒక్క మాట చెప్పనీండి" అంది తులసి. కళ్లు తడిగా ఉన్నాయి. "నేను ఈ సదువుకి రావడానికి మీరే కారణమండి. తొమ్మిదిలో 'మా ఇల్లు' అని వ్యాసం ఇచ్చారు. గైడులో ఉన్నది రాసేసి, సివర్న నా సొంతంగా రెండు వాక్యాలు రాసి, సిగ్గేసి కొట్టేశాను. మా అమ్మ అందరికన్నా ఆఖర్న తింటుంది. అడిగితే ఆకలి లేదంటుంది. ఆ రెండేనండి. మీరు పక్కన ఎర్ర సిరాతో రాశారు, 'కొట్టేసిన రెండు వాక్యాలే బాగున్నాయి, ఇకమీదట కొట్టేయకు' అని. ఆ పేపరు ఇప్పటికీ మా ఇంట్లో ఉందండి. మనుషులు కొట్టేసుకున్నవి వినాలని అప్పుడే అనిపించింది."

మాష్టారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. "గుర్తులేకేమమ్మా? ఆ రోజు నీ పేపరు పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. నా కళ్లు చెమర్చాయి" అన్నాడు.

పద్మకుమారికి ఆ పేపరు నిన్న చూసినట్టు గుర్తుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గీత కింద ఏముందో కనపడక, కాగితాన్ని వంటింటి కిటికీ వెలుతురుకి పెట్టి చదివింది. చదివాక పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడింది. ఆ రోజు "మాడు కంపు తినమంటావేటి?" అని కంచం తోసేసిన మనిషి ఇక్కడ కూర్చుని కళ్లు చెమర్చాయంటున్నాడు. మాటలు, పని, ఉపన్యాసం పోతే పోయాయి. ఆ కన్నీళ్లు కూడా ఆయనవే అయిపోయాయా? చీదర కడుపులోంచి లేచి, నిమ్మకాయంత ఉండని తోసుకుంటూ పైకి వచ్చింది.

"ఆ రోజు పప్పు మాడిపోనాది" అంది పద్మకుమారి.

ఇద్దరూ తిరిగి చూశారు. ఆమె సంచిలోంచి కట్ట తీసి, పైనున్న పేపరు తులసి చేతికిచ్చింది. పొద్దున బస్సులో దిద్దిన పేపరు. మార్జిన్లో ఎర్ర అక్షరాలు. తులసి చూసింది. మళ్లీ చూసింది. 'కొ' కి తోక పెట్టే ఆ తీరు, పొట్టలో చిన్న చుక్క. తొమ్మిదేళ్లుగా చూసుకుంటున్న అక్షరాలు ఎవరైనా గుర్తుపడతారు. ఆ పిల్ల పేపరు మీదినుంచి కళ్లెత్తి, మాష్టారి వైపు కాక పద్మకుమారి వైపు చూసింది.

"పద్మా, ఏటిది? పరాయోళ్ల ముందర..." మాష్టారి వేదిక తెలుగు జారిపోయింది. "సూసేవా తులసీ, ఇదేనమ్మా ఈవిడ జబ్బు."

"నారాయణమూర్తి గారూ" అంది పద్మకుమారి.

ఇరవై నాలుగేళ్లలో అది రెండోసారి. ఆ పేరు నోట్లో అంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు. ఏదో బియ్యం కార్డు మీద ఎవరిదో పేరు చదివినట్టుంది.

"లెగండి. అది నా కుర్సీ. బయట బెంచీ ఉన్నాది. ఇవిగో పేపర్లు, ఇదిగో ఎర్ర పెన్ను. మీ పేపర్లు మీరు దిద్దుకోండి. నాకు గంట పడతాది."

మాష్టారు తులసికేసి చూశాడు. ముప్పై ఏళ్లుగా ఏ పిల్లయినా తన వైపే ఉంటుందని ఆయన నమ్మకం. తులసి వెళ్లి తలుపు తీసి పట్టుకుంది. "మాష్టారూ, సెషన్లో బయటోళ్లు ఉండకూడదండి. మొదటే సెప్పాల్సింది, నా తప్పండి."

బయట బెంచీ మీద నలుగురు ఉన్నారు. వాళ్లలో ఒకడు లేచి "నమస్కారం మాష్టారూ" అన్నాడు. పెద్దమనిషికి అక్కడ గొడవపడడానికి వీల్లేకపోయింది. కట్ట చంకలో పెట్టుకుని, నమస్కారం అందుకుని, బెంచీ చివర కూర్చున్నాడు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. మొదటి పేపరు తెరిచి, ఎక్కడ మొదలెట్టాలో తెలీక పేరు చదువుతూ ఉండిపోయాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. ఆ పూట పల్లకీ కాస్త బరువెక్కింది.

అద్దం పక్క తలుపు తెరుచుకుని శైలజ మేడం ఫైలుతో వచ్చింది. యాభై ఏళ్ల మనిషి.

"మీరు ముందే తలుపు కొట్టొచ్చు కదండీ" అంది పద్మకుమారి నిష్ఠూరంగా.

"కొట్టడానికి లేచాను. ఈలోగా మీరు నోరు తెరిచారు. నేను ఆగిపోయాను" అని మేడం ఒప్పుకుంది.

పద్మకుమారి ఫైలు అడిగి తీసుకుని, తన కుర్చీలో కూర్చుంది. ఫారంలో విచారం ఎదురుగా మాష్టారు పెట్టిన టిక్కు కొట్టేసింది. గళ్లలో తనకి కావలసింది లేదు కాబట్టి పక్కన చీదర అని రాసింది. కింద ఆయన నంబరు కొట్టేసి తన నంబరు వేసింది.

తులసి గోడవారగా, ఇందాక పద్మకుమారి నిలబడ్డ చోటే తల దించుకుని నిలబడి ఉంది. పరీక్ష తప్పినట్టే ఉంది ఆ పిల్ల మొహం. మేడం ఆ పిల్లకేసి ఓసారి చూసి, "పద్మకుమారి గారూ, పాత పరిచయం బయటపడితే ట్రైనీని మార్చడం మా పద్ధతి. వచ్చే వారం నుంచి ఇంకో అమ్మాయిని ఇస్తాను. లేదంటే ప్రతి వారం నేను కూడా గదిలోనే కూర్చోవాలి" అంది.

"అయితే మీకో కుర్సీ తెచ్చుకోండి. ఈ జిల్లాలో ఆయన దగ్గర సదువుకోని పిల్లని ఎక్కడని ఎతుకుతారు?" అంది పద్మకుమారి. ఇందాక ఆ పిల్ల మీద మండిన ఒళ్లు ఇప్పుడు చల్లబడింది. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ చూపించింది. "రా తల్లీ, కూసో. మాస్టారు వస్తే లెగిసి నిలబడ్డం ఇద్దరం ఒక్క దగ్గరే నేర్సుకున్నాం. కూసోడం కూడా ఇద్దరం కలిసే నేర్సుకుందాం."